కడప బండలో పువ్వు దొరకదు: శిలాజ పుప్పొడితో పాతకాలపు పూలమొక్కలను గుర్తుపట్టడం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. ఇంట్లో పరిచిన కడప బండనో, బేతంచెర్ల నాపరాయినో పగలగొట్టి అందులో పాతకాలపు పూల పుప్పొడి వెతుకుదామని మీరు అనుకుంటుంటే ఆ ఆశ ఇక్కడే వదిలేయండి. వేంపల్లె చుట్టుపక్కల సున్నపురాళ్లు దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా కనిపించేవి స్ట్రొమటోలైట్లు, అంటే సముద్రపు నీళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకుంటూ పోయిన గుర్తులు. అప్పటికి పువ్వు సంగతి దేవుడెరుగు, నేల మీద గడ్డిపరక కూడా లేదు. పూలమొక్కలదే అని గట్టిగా చెప్పగలిగిన పుప్పొడి రాళ్లలో కనిపించడం మొదలయ్యేది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి నుంచి.

అయినా ఈ విద్య నేర్చుకోవడానికి మన రాయలసీమ జిల్లాలకు మించిన చోటు లేదని నా అభిప్రాయం. ఎందుకంటే రాయిలో దొరికిన రేణువుకు పేరు పెట్టాలంటే ముందు మీ వీధిలో పూచే పువ్వుల రేణువులు మీకు కంఠతా రావాలి. తుమ్మ, వేప, జొన్న, తామర, మందారం, ఈత, ఉత్తరేణి: ఈ ఏడింటి పుప్పొడి గుర్తుపట్టగలిగితే ప్రపంచంలో ఏ లిగ్నైట్ (గోధుమరంగు నేలబొగ్గు) స్లైడ్ ముందు కూర్చోబెట్టినా సగం దారి తెలిసినట్టే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, పుస్తకంలో లాటిన్ పేర్లు బట్టీపట్టి మైక్రోస్కోప్ దగ్గరికి వస్తారు. నేనూ అలాగే వచ్చాను, బుద్ధి వచ్చేదాకా.

ఎక్కడ వెతకాలి

పుప్పొడి రేణువు పైపెంకు స్పోరోపొలెనిన్ అనే పదార్థం. ఆమ్లాలకు లొంగదు, కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్నా చెక్కుచెదరదు. దీనికి ఉన్న పెద్ద శత్రువు గాలి. తడి ఆరుతూ మళ్లీ తడుస్తూ ఉండే నేలలో, క్షారం ఎక్కువున్న నేలలో పెంకు కొద్దికొద్దిగా కొరుక్కుపోతుంది. అందుకే అనంతపురం ఎర్రనేలలు, చౌడు నేలలు దాదాపు దండగ. నల్లరేగడి ఇంకో రకం తలనొప్పి, ఎండాకాలం నెర్రెలిచ్చి పైమట్టి అడుగుకు జారిపోతుంది కాబట్టి అందులో ఏ పొర ఏ కాలానిదో చెప్పలేం.

పనికొచ్చేవి ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట్లు. చెరువు మధ్యలో లోతైన మడుగు, బురద వాసన కొట్టే నల్లటి బంకమట్టి, అదీ మన మాల్. పోరుమామిళ్ల చెరువునే తీసుకోండి. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించాడని అక్కడి శాసనమే చెబుతుంది, కాలం 1369. అంటే ఆ చెరువులో నీళ్లు నిలిచాక పేరుకున్న ఒండ్రు ఏదైనా 1369 తర్వాతిదే అని అడుగు గీత మీకు ఉచితంగా దొరికింది. కాకపోతే పూడిక తీయని చోటు చూసుకోవాలి, జేసీబీ ఒకసారి దిగిన చోట పొరల లెక్క గోవిందా. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే ఏ ఏడు ఎక్కడ పూడిక తీశారో వేలుపెట్టి చూపిస్తారు, ఆ సమాచారం ఏ రికార్డులోనూ ఉండదు.

గుహల మట్టి కూడా మంచిదే కానీ మనలాంటివాళ్లు చేయి పెట్టకూడదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు బయటపెట్టారు. బనగానపల్లె వైపు జ్వాలాపురంలో సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బూడిద, సుమారు 74 వేల ఏళ్ల నాటిది, పొరగా పరుచుకుని ఉంది. ఇలాంటి చోట్ల గడ్డపార వేస్తే మనం నేర్చుకునేదానికన్నా చెడగొట్టేదే ఎక్కువ. అడవుల్లో అటవీశాఖ అనుమతి కావాలి, చెరువులో పంచాయతీకి, నీటిపారుదల వాళ్లకు ఒక మాట చెప్పాలి.

ఇక నిజంగా కోట్ల ఏళ్ల పూలమొక్కలు కావాలంటే మన జిల్లా దాటాల్సిందే. దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కున్న చెరువు మట్టి, అంటే ఇంటర్‌ట్రాపియన్ పొరలు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి. రాజమండ్రి పక్కన, తెలంగాణలో నస్కల్ దగ్గర ఉన్నాయి. తమిళనాడులో నైవేలి లిగ్నైట్ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీలో సి.జి.కె. రామానుజం గారు ఆ లిగ్నైట్ పుప్పొడి మీద ఎంతో పనిచేశారు. తెలిసిన జియాలజీ లెక్చరర్ ఎవరైనా ఉంటే గుప్పెడు లిగ్నైట్ అడిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

మొదటి పని: ముప్పై పువ్వుల పెట్టె

మట్టి జోలికి వెళ్లకముందు ముప్పై స్లైడ్లు చేసుకోండి. ఇంకా విచ్చుకోని, రేపు విచ్చుకునేలా ఉన్న మొగ్గను తీసుకోవాలి, ఎందుకంటే విచ్చుకున్న పువ్వు మీద తేనెటీగ పక్కచెట్టు పుప్పొడి కూడా అంటించిపోతుంది. కేసరాలను కాగితం పొట్లంలో రెండు రోజులు నీడలో ఆరబెట్టి, స్లైడు మీద దులిపి, పైన ఒక చుక్క స్పిరిట్ వేసి నూనె జిడ్డు పోగొట్టి, శాఫ్రనిన్ రంగు కలిపిన గ్లిజరిన్ జెల్లీ చిన్న ముక్క పెట్టి, స్లైడును కొద్దిగా వేడిచేసి కవర్‌స్లిప్ మూసేయండి. మొక్క పేరు, ఊరు, తేదీ అప్పటికప్పుడే రాయాలి. రేపు రాద్దాంలే అనుకుంటే రేపటికి రెండు స్లైడ్లు ఒకేలా కనిపిస్తాయి, ఇది నా అనుభవం.

ఇక్కడే ఒక మంచి సరదా ఉంది. ఊరి చెరువులో తామర, కలువ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, దేవుడికి కూడా ఒకే బుట్టలో వెళ్తాయి. రెండిటి పుప్పొడీ మైక్రోస్కోప్ కింద పెట్టండి. తామర రేణువుకు నిలువుగా మూడు గాడులు. కలువ రేణువుకు ఆ గాడులే ఉండవు, డబ్బాకు మూత ఉన్న చోట గీత కనిపించినట్టు చుట్టూ ఒక వలయం ఉంటుంది. ఆ రెండు మొక్కలకూ చుట్టరికం చాలా దూరం, పూలమొక్కల వంశవృక్షంలో కలువ దాదాపు మొదట్లోనే విడిపోయిన కొమ్మ. రేకులు చెప్పని సంగతి రేణువు చెప్పింది. ఈ ఒక్క పోలిక మీ కళ్లతో మీరు చూస్తే మిగతా పాఠం సగం అర్థమైపోతుంది.

ఇంకో వ్యాయామం, స్లైడుకు పల్చగా వాజలైన్ రాసి మిద్దె మీద ఒక పగలూ రాత్రీ ఉంచండి. మరుసటి రోజు చూస్తే మీ ఊరి గాలిలో ఏ పుప్పొడి ఎగురుతోందో తెలుస్తుంది. దీని అవసరం తర్వాత వస్తుంది, ఆ స్లైడు దాచిపెట్టండి.

మట్టి తేవడం

ఎక్కువ చెప్పేది లేదు. గోడలా నిలువుగా కోసిన చోట పైమట్టిని కత్తితో రెండు అంగుళాలు చెక్కి పారేసి, కింద నుంచి పైకి నమూనాలు తీయండి. పై నుంచి కిందికి తీస్తే పైమట్టి రాలి కింది నమూనాలో పడుతుంది. ఒక్కో నమూనాకు కత్తి కడగాలి. కొత్త పాలిథిన్ కవర్లు, లోతు సెంటీమీటర్లలో. పూత సీజన్‌లో, గాలి ఎక్కువున్న రోజున వెళ్లకండి.

శుభ్రం చేయడం, ఇంకా ఏం చేయకూడదు

ఇక్కడ అందరికీ టెన్షన్. పుస్తకాలు తెరిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అసిటోలిసిస్ (ఆమ్లాలతో పెంకు తప్ప మిగతాదంతా కరిగించడం) అని ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇసుకను, గాజును కరిగిస్తుంది, పుప్పొడిని ఏమీ చేయదు, అందుకే వాడతారు. కానీ అది చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, నెమ్మదిగా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది, కొద్ది మోతాదుకే మనుషులు చనిపోయారు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకుని, సరైన ఫ్యూమ్ హుడ్ కింద, నేర్చినవాళ్లు మాత్రమే చేసే పని. అసిటోలిసిస్ స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఎర్డ్‌మన్ పెట్టిన పద్ధతి, అసిటిక్ అన్‌హైడ్రైడ్ తొమ్మిది పాళ్లు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక పాలు. నీటి చుక్క తగిలితే చిమ్ముతుంది. పైగా అసిటిక్ అన్‌హైడ్రైడ్ మీద మాదకద్రవ్యాల చట్టం నిఘా ఉంది, ఊరికే కొనడానికి దొరకదు. కాబట్టి ఇంట్లో ఈ రెండూ వద్దు. మొండితనానికి పోవద్దు.

ఆమ్లం లేకుండా చెరువు మట్టితో నేను చేసే పద్ధతి ఇది. చిన్న చెంచాడు మట్టి, అంటే పది గ్రాముల లోపు, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బంకమట్టి విడిపోవడానికి కొద్దిగా సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలుపుతాను. పొద్దున బాగా కలిపి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో వడగడితే వేర్లు, గులకలు పైన మిగులుతాయి. కింద పడిన నీళ్లను 10 మైక్రాన్ల నైలాన్ గుడ్డలో వడగడితే బంక కిందికి పోయి, పుప్పొడి, సన్న ఇసుక గుడ్డ మీద ఉంటాయి. జల్లెడ దగ్గర ఒకటి గుర్తుంచుకోండి, మందారం, గుమ్మడి లాంటి పెద్ద రేణువులు 150 మైక్రాన్లకు దగ్గరగానో మించో ఉంటాయి, పైన మిగిలినదాన్ని కూడా ఒకసారి చూడకుండా పారబోయకండి. ఇప్పుడు ఇసుక వేరుచేయాలి. అమ్మ బియ్యంలో రాళ్లు గాలిస్తుందే, అచ్చం అదే పని వాచ్‌గ్లాస్‌లో చేయాలి. గుండ్రంగా తిప్పుతూ ఉంటే బరువైన ఇసుక మధ్యలో ఆగిపోతుంది, తేలికైన పుప్పొడి అంచు నీళ్లతో పైకి వస్తుంది, ఆ నీళ్లను వంచుకోవాలి. మొదటి నాలుగుసార్లు అంతా ఒలకబోసుకుంటారు, పర్లేదు.

కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే, అక్కడి సార్ పక్కన ఉండగా, ఇంకో రెండు మెట్లు కలుపుకోవచ్చు. పదిశాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం పోగొట్టడం ఒకటి, మనది సున్నపురాయి సీమ కాబట్టి ఒక్కసారిగా పోస్తే నురగ బీకరు దాటి బల్లంతా పారుతుంది, చుక్కలు చుక్కలుగా పోయండి. పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడినీటి మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే నల్లటి హ్యూమస్, అంటే కుళ్లిన ఆకూ అలమూ, కరిగిపోతుంది. లిగ్నైట్‌కైతే ఇది తప్పనిసరి, ముందు దాన్ని ఆక్సీకరణం చేయాల్సి కూడా ఉంటుంది, అది వాళ్లనే చేయనివ్వండి. తర్వాత నీళ్లతో మూడునాలుగుసార్లు కడిగి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి.

చివరి మిగులును సిలికాన్ ఆయిల్‌లో పెట్టడం నాకు ఇష్టం. జెల్లీలో రేణువు అలాగే బిగుసుకుపోతుంది, ఏళ్లు గడిచే కొద్దీ ఉబ్బుతుంది కూడా. ఆయిల్‌లో అయితే కవర్‌స్లిప్‌ను సూదితో మెల్లగా తడితే రేణువు దొర్లుతుంది, అన్ని వైపులా చూడొచ్చు.

రేణువును చదవడం

అసలు పని ఇప్పుడు మొదలు. మైక్రోస్కోప్ 400 రెట్లు చూపితే లెక్కపెట్టడానికి సరిపోతుంది, పేరు పెట్టాలంటే మాత్రం ఆయిల్ వేసి 1000 రెట్లు చూడాలి. ఐపీస్‌లో ఉండే కొలబద్దను స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకోండి. స్టేజ్ మైక్రోమీటర్‌లో ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి ఉంటారు, అంటే గీతకు 10 మైక్రాన్లు. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు, చేయకుండా మాత్రం ఏ కొలతా రాయకండి.

ముందు చూడాల్సింది, రేణువు ఒంటరిదా, గుంపా. సీతాఫలం రేణువులు నాలుగేసి అతుక్కుని ఉంటాయి. నల్లతుమ్మవి పదహారేసి, ఫుట్‌బాల్ మీద ముక్కలు కుట్టినట్టు. ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోరు. జిల్లేడు అయితే పుప్పొడంతా ఒకే సంచి.

రెండోది తలుపులు. పుప్పొడి మొలకెత్తేటప్పుడు గొట్టం బయటికి రావడానికి పెంకులో పల్చటి చోట్లు ఉంటాయి, నేను వాటిని తలుపులంటాను. పొడుగ్గా ఉంటే గాడి, గుండ్రంగా ఉంటే రంధ్రం, గాడి మధ్యలో రంధ్రం ఉంటే రెండూ కలిసిన రకం. పుస్తకాల్లో వీటిని కాల్పేట్, పోరేట్, కాల్పోరేట్ అంటారు. అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మూడు గాడులు ఉంటే, లేదా మూడు గాడుల్లో మూడు రంధ్రాలుంటే, అది అసలైన ద్విదళబీజాల కొమ్మకు చెందినది, యూడైకాట్స్ అంటారు. తామర నుంచి మామిడి దాకా, చింత నుంచి ఎర్రచందనం దాకా ఆ కొమ్మే. రాళ్లలో ఇలాంటి మూడు గాడుల రేణువులు సుమారు 12.5 కోట్ల ఏళ్ల కిందట కనిపించడం మొదలవుతాయి. వేప ఒక గాడి ఎక్కువేసుకుంటుంది, సాధారణంగా నాలుగు. తులసికి ఆరు. ఇవన్నీ ఆ మూడింటి మీద మార్పులే అనుకోండి.

ఒకే గాడి ఉంటే ఆగి ఆలోచించండి. ఈత, తాటి, కొబ్బరి ఇలా ఒకే గాడితో పడవలా ఉంటాయి. సీతాఫలం బంధువులు, మాగ్నోలియాలు కూడా ఒక గాడివాళ్లే. పువ్వే లేని సైకాస్ కూడా అంతే, మన శేషాచలం కొండల్లో ఉండే పెరీత ఆ జాతిదే. పామ్ కుటుంబమా సైకాస్ జాతా తేల్చాలంటే 1000 రెట్లలో పెంకు అంచును చూడాలి. పూలమొక్కల పెంకులో సాధారణంగా పైకప్పు, నేల, మధ్యలో చిన్నచిన్న స్తంభాల వరస, వసారాకు నిలబెట్టిన రాతి స్తంభాల్లా ఉంటాయి. సైకాస్ పెంకులో ఆ స్తంభాలుండవు. అన్ని పామ్‌లలో స్తంభాలు స్పష్టంగా కనబడవని కూడా చెప్పాలి, అనుమానముంటే ‘ఒక గాడి రేణువు’ అని రాసి వదిలేయడం తెలివైన పని. ఇక మూడు ఆకుల నక్షత్రంలా ఒక గుర్తుంటే అది పుప్పొడే కాదు, ఫెర్న్ మొక్క సిద్ధబీజం. రెండు పక్కలా గాలిబుడగలు ఉంటే పైన్ లాంటిది.

ఒకే గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ పెదవిలా ఉబ్బు, నున్నటి ఒళ్లు: గడ్డి కుటుంబం. వరి, జొన్న, కొర్ర, గరిక అన్నీ ఇదే. మొక్కజొన్న ఒక్కటే పెద్దగా, 80 మైక్రాన్లు, ఆ పైన కూడా ఉంటుంది. జొన్నను అడవిగడ్డి నుంచి కేవలం సైజు చూసి విడదీయగలనని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఒళ్లంతా రంధ్రాలు, గోల్ఫ్ బంతిలా ఉంటే తోటకూర, ఉత్తరేణి కుటుంబం. ఒళ్లంతా రంధ్రాలూ ముళ్లూ, సైజు వంద మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటే మందారం, పత్తి కుటుంబం. ముళ్లున్నా చిన్నగా 20, 30 మైక్రాన్లే ఉండి మూడు గాడులుంటే పొద్దుతిరుగుడు, వయ్యారిభామ వైపు.

మూడోది ఉపరితలం. ఇక్కడ ఒక చిట్కా ఉంది, ఎర్డ్‌మన్ చెప్పిందే. ఫోకస్ నాబ్‌ను రేణువు పైభాగం నుంచి నెమ్మదిగా కిందికి తిప్పండి. పైకి పొడుచుకొచ్చిన ముల్లు, గట్టు లాంటివి మొదట వెలుగ్గా కనిపించి, కిందికి దిగేకొద్దీ నల్లబడతాయి. గుంటలైతే దీనికి తిరగబడి, మొదట నల్లగా, తర్వాత వెలుగ్గా. వల అల్లినట్టుందా, చారలున్నాయా, గింజలు చల్లినట్టుందా అని తేల్చేది ఈ నాబ్ తిప్పుడే. ఫొటో ఒక్కటి పంపి ‘ఇదేంటో చెప్పండి సార్’ అంటే ఎవరూ చెప్పలేకపోవడానికి కారణం కూడా ఇదే, ఫొటోలో ఒక్క ఫోకసే ఉంటుంది. కనీసం ఐదు ఫోకస్‌లలో ఐదు ఫొటోలు తీయండి.

సైజు, ఆకారం నాలుగోది. గాడులు ఎటు సాగితే అది నిలువు. నిలువు కొలత, అడ్డం కొలత రెండూ రాసి భాగించాలి. ఒక్క రేణువు కాదు, దొరికితే కనీసం ఇరవై.

ఒక రేణువు కథ

గుజరాత్ లిగ్నైట్ నుంచి చేసిన ఒక స్లైడులో నాకు గుండ్రటి, ముళ్ల రేణువు దొరికింది. 50 మైక్రాన్లు. ముళ్లు దూరదూరంగా, మొదట్లో లావుగా, కొసన సన్నగా. మందారం పుప్పొడి అప్పటికే చాలా చూసి ఉన్నాను కాబట్టి ఎగిరి గంతేసి మా సీనియర్‌కు చూపించి, ‘అన్నా, పత్తి కుటుంబం, ఐదు కోట్ల ఏళ్లది’ అన్నాను. ఆయన ఒక్క చూపు చూసి, ‘ముళ్లు లెక్కపెట్టినావు సరే, బొక్కలెన్ని రా?’ అన్నాడు.

బొక్కలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. సూదితో కవర్‌స్లిప్ తట్టి దొర్లిస్తే రేణువు నడుము చుట్టూ ఒక వలయం కనిపించింది, కొబ్బరికాయ పగలడానికి సిద్ధంగా చీలినట్టు. పక్కనే సగం చిప్పలు కూడా పడి ఉన్నాయి, అంతకుముందు అవి ఏవో చెత్త అనుకుని వదిలేశాను. అది నిపా, ఉప్పునీటి మడ అడవుల్లో పెరిగే ఒక పామ్. శిలాజంగా దీని పుప్పొడికి స్పినిజోనోకాల్పైటిస్ అనే పేరు, 1968లో ముల్లర్ పెట్టాడు. ఇవాళ మన దేశంలో నిపా సుందర్‌బన్స్‌లో, అండమాన్‌లో ఉంది. అంటే ఆ లిగ్నైట్ పేరుకున్న రోజుల్లో అక్కడ వేడి, సముద్రం పాయలు, మడ అడవి ఉండేవన్నమాట. పత్తి కుటుంబమని రాసి ఉంటే ఆ సముద్రమంతా ఆవిరైపోయేది.

ఇందులో పేరు పెట్టే పద్ధతి కూడా ఉంది చూడండి. శిలాజానికి ముందు రూపాన్ని బట్టి ఒక పేరు ఇస్తారు, మూడు గాడులుంటే ట్రైకాల్పైటిస్, పామ్‌లా ఉంటే పామేపొలెనైటిస్, ఇలా. ఆ తర్వాత, వేరే మాటగా, ‘ఇప్పటి ఫలానా మొక్కకు దగ్గర’ అని రాస్తారు. మొదటిది మీరు చూసింది, రెండోది మీరు ఊహించింది. రెండూ కలిపేయకండి. ఎంతవరకు చెప్పగలమో అంతవరకే, చాలాసార్లు అది కుటుంబం దగ్గరే ఆగిపోతుంది. చిక్కుడు కుటుంబపు చిన్న మూడుగాడుల రేణువు చూసి ‘ఇది ఎర్రచందనం’ అని రాసేయాలని కడపోళ్లకు మహా ఆశగా ఉంటుంది, నాకూ ఉంటుంది. రాయను. నేరేడు, జామాయిల్ రెండూ ఒకే కుటుంబం, రెండిటి రేణువులూ మూడు మూలల సమోసాల్లా ఉంటాయి, వాటిని విడదీయడానికే మీ ముప్పై పువ్వుల పెట్టె ముందేసుకుని కుస్తీ పట్టాలి. పెట్టెలో లేనివాటికి వియన్నా విశ్వవిద్యాలయం నడిపే పాల్‌డాట్ అనే ఆన్‌లైన్ పుప్పొడి భాండాగారం ఉంది, ఉచితం. మన దేశంలో పెద్ద దిక్కు 1946లో మొదలైన లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ.

దొంగ రేణువులు

పేరు పెట్టాక ఒక రాత్రి నిద్రపోయి, పొద్దున మళ్లీ అనుమానించండి. ఒకసారి చెరువు మట్టిలో మీటరున్నర లోతున తుమ్మ పదహారు ముక్కల బంతులు కుప్పగా దొరికాయి, పాతకాలపు తుమ్మ అడవి దొరికిందని నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. నాలుగు రోజులకు తేలిందేంటంటే నేను సెంట్రిఫ్యూజ్ పక్కన కిటికీ తెరిచిపెట్టాను, బయట తుమ్మచెట్టు నిండుగా పూసి ఉంది. ఆ రేణువుల్లో లోపలి పదార్థం ఇంకా నిండుగా ఉంది, ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి, పక్కనున్న అసలువేమో ఖాళీగా, నలిగి, లేత పసుపుగా ఉన్నాయి. కళ్ల ముందున్న తేడా కూడా సంతోషంలో కనిపించదు. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌లో మట్టి లేకుండా ఉత్త నీళ్లతో ఒక గొట్టం నడుపుతాను. మిద్దె మీద పెట్టిన వాజలైన్ స్లైడు కూడా ఈ పనికే.

కొన్ని మొక్కలు వాటంతటవే తేదీ చెబుతాయి. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల మొక్క, మన దగ్గర కమలాపురం ప్రాంతంలో 1870ల చివర్లో నాటారు. దాని రేణువు నల్లతుమ్మలా గుంపుగా ఉండదు, విడిగా మూడు గాడులతో ఉంటుంది. వయ్యారిభామ మన దేశంలో 1950ల్లో పుణె దగ్గర కంటబడింది. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు 1498లో వాస్కోడిగామా వచ్చాక గానీ రావడానికి వీల్లేదు. వీటిలో ఏది పాత పొరలో దొరికినా పొర కలిసిపోయింది లేదా మీ చేయి అంటింది. 6.6 కోట్ల ఏళ్ల ఇంటర్‌ట్రాపియన్ మట్టిలో వయ్యారిభామ లాంటి ముళ్ల రేణువు దొరికితే పేపర్ రాయకండి, కిటికీ మూయండి. గడ్డి మాత్రం అప్పటికే ఉంది, మహారాష్ట్రలోని పిస్దూరా దగ్గర డైనోసార్ల కాలపు శిలాజ పేడలో గడ్డి ఒంట్లో ఏర్పడే గాజులాంటి సిలికా కణాలు దొరికాయని 2005లో ప్రకటించారు.

రంగు కూడా గమనించండి. రాయి వేడెక్కేకొద్దీ పెంకు లేత పసుపు నుంచి నారింజ, గోధుమ, చివరికి నలుపు అవుతుంది. ఒకే స్లైడులో లేత పసుపువీ ముదురు గోధుమవీ కలిసుంటే, పాత రాయి నుంచి కొట్టుకొచ్చిన రేణువులు కొత్త మట్టిలో చేరాయేమో చూసుకోవాలి.

లెక్క రాయడం

ఒక్కో నమూనాకు కనీసం 300 రేణువులు లెక్కపెట్టండి. కవర్‌స్లిప్ ఒక కొస నుంచి ఇంకో కొసకు, దుక్కి దున్నినట్టు వరసలుగా వెళ్లాలి. బాగున్నవి, అందమైనవి ఏరుకోకూడదు, విరిగినవీ గుర్తుపట్టలేనివీ కూడా గడి గీసి రాయాలి. పుప్పొడిని శాతాల్లో గీసి పాత అడవులను చూపించడం 1916లో స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ చేసి చూపాడు, మనం చేసేదీ అదే.

కానీ శాతాలను చెట్ల సంఖ్యగా చదవకండి. గాలికి పుప్పొడి ఎగరేసే గడ్డి, తోటకూర జాతి, సరుగుడు గంపలకొద్దీ వదులుతాయి. తేనెటీగను నమ్ముకున్న చెట్లు పొదుపరులు. అన్నిటికన్నా విచిత్రం మన వేరుశనగ. అనంతపురంలో వాన పడిన ఏడాది కంటికి ఆనినంత మేర అదే పంట, పసుపు పూలు, కానీ ఆ పువ్వు రేకుల లోపలే తన పుప్పొడి తానే వాడేసుకుంటుంది, బయటికి దాదాపు ఏమీ రాదు. మరో వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా మన చెరువు మట్టి తవ్వి లెక్కపెడితే గడ్డి, తోటకూర, సర్కారు తుమ్మ కనిపిస్తాయి, వేరుశనగ గడిలో సున్నా ఉంటుంది. మీ లెక్కలో ఏ గడిలోనైనా సున్నా వచ్చినప్పుడు ఆ మొక్క పుప్పొడి ఎలా వదులుతుందో పక్కన రాసి పెట్టండి.

ప్రతి ముఖ్యమైన రేణువుకూ స్లైడు నంబరు, స్టేజ్ మీది రెండు కొలతలు రాసుకోండి, మళ్లీ వెళ్లి అదే రేణువును చూడగలగాలి. నా పెట్టెలో 14వ స్లైడులో ఒక రేణువుంది, 32 మైక్రాన్లు, మూడు గాడులు, సన్నటి చారలు, మామిడి కుటుంబంలా ఉంటుంది కానీ చారలు మరీ దగ్గర. దాని ముందు గడిలో ఇప్పటికీ ‘మూడు గాడులు, చారలు’ అనే ఉంది.